అరుంధతి ఏ వేళకు వస్తుంది?

పెళ్లిమంటపం నుంచి కొత్త దంపతులను బయటికి తీసుకొచ్చి పురోహితుడు ఉత్తరాకాశం వైపు వేలు చూపిస్తాడు. ముహూర్తం పట్టపగలైనా సరే, అరుంధతి కనిపించిందా అని అడిగితే కనిపించిందనే చెప్పాలి. అందరూ తెలిసి ఆడే ఈ ముచ్చటైన నాటకాన్ని ఎవరూ తప్పుపట్టరు. రాత్రి ముహూర్తాల సంగతి వేరు. ఆ వేళ అరుంధతి ఆకాశంలో ఉందో లేదో లెక్క వేసి చెప్పవచ్చు.

హైదరాబాదులో మే రెండో వారంలో పెళ్లి అనుకుందాం. రాత్రి ఎనిమిదింటికి సప్తర్షి మండలం ఈశాన్యాన బాగా పైకి వచ్చి ఉంటుంది. దాని తోకలో నడిమి చుక్క వసిష్ఠుడు, ఆయనను ఆనుకుని మసకగా అరుంధతి. మబ్బు లేకుండా, ఫంక్షన్ హాలు దీపాలు కాస్త కరుణిస్తే దంపతులకు ఆమె నిజంగానే కనిపిస్తుంది. అదే పెళ్లి నవంబరు 20 ప్రాంతంలో పెట్టుకుంటే చీకటి పడేసరికే ఆ చుక్క వాయవ్యాన దిగిపోయి ఉంటుంది. మళ్లీ ఈశాన్యాన పొడిచేది తెల్లవారుజామున రెండింటి వేళకు. ఆ రోజే లండన్‌లో ఉన్న తెలుగువారింట పెళ్లయితే మాత్రం పురోహితుడికి ఈ ఇబ్బంది లేదు. అక్కడ అరుంధతి అసలు అస్తమించదు, ఉత్తరాన కాస్త కిందికి దిగి మళ్లీ పైకి వస్తుంది, అంతే.

దాదాపు ఎనభై కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఆ నక్షత్రానికి మే నెలతోనూ పని లేదు, మన ఊళ్లతోనూ పని లేదు. ఏ వేళ, ఏ నెల, ఏ ఊరు అన్న మూడు ప్రశ్నలూ మన భూమికి సంబంధించినవి. ఏ యుగం అన్న నాలుగో ప్రశ్న కూడా ఉంది. మనిషికి అది తట్టడానికి చాలాకాలం పట్టింది కాబట్టి దాని దగ్గరికి తర్వాత వద్దాం.

భూమి తన చుట్టూ తాను పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది. హైదరాబాదు ఉన్న చోట ఆ వేగం గంటకు దాదాపు 1,600 కిలోమీటర్లు. ఈ వేగం మనకు తెలియదు. కుదుపు లేకుండా ఒకే తీరున సాగుతుంది, మనతోపాటు గాలీ తిరుగుతుంది. బడిలో చదువుకున్నాం కాబట్టి ఇందులో మనకు వింత లేదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఈ మాట పెద్ద సాహసం. పడవలో పోయేవాడికి గట్టు మీదివి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపించడమూ అలాంటిదే అని ఆర్యభటుడు వివరించాడు. వరాహమిహిరుడు ఒప్పుకోలేదు. భూమే తిరిగితే ఎగిరిపోయిన పక్షి తిరిగి తన గూటికి ఎలా చేరుతుందని అడిగాడు. బ్రహ్మగుప్తుడూ ఒప్పుకోలేదు. వ్యాఖ్యాతల్లో కొందరైతే ఆర్యభటుడి మాటకు వేరే అర్థం చెప్పి సర్దుబాటు చేశారు. వరాహమిహిరుడి ప్రశ్న నవ్వి వదిలేయదగ్గది కాదని నా అభిప్రాయం. చెట్టు, గూడు, గాలి, పక్షి అన్నీ కలిసి ఒకే వేగంతో పోతున్నాయని జవాబు చెప్పాలంటే జడత్వం అనే భావన తేటపడాలి. అందుకు గెలీలియో కాలం దాకా ఆగవలసి వచ్చింది. ఆకాశం వైపు చూడకుండా, నాలుగు గోడల మధ్యే భూభ్రమణాన్ని జనానికి చూపించినవాడు ఫూకో. 1851లో పారిస్‌లోని పాంథియన్‌లో ఆయన వేలాడదీసిన 67 మీటర్ల లోలకం ఊగే దిశ గంటగంటకూ మారుతుంటే జనం గుమిగూడి చూశారు.

ఆర్యభటుడు ఇచ్చిన సంఖ్య ఒకటి ఇక్కడ మనకు బాగా పనికొస్తుంది. 43,20,000 ఏళ్ల మహాయుగంలో భూమి 1,58,22,37,500 సార్లు తిరుగుతుందట. భాగించి చూస్తే ఏడాదికి 366 చుట్లు, పైన పావు చుట్టు. ఏడాదిలో రోజులు 365 పావే కదా, మరి ఈ అదనపు చుట్టు ఎక్కడిది?

భూమి ఒక చుట్టు తిరిగి మళ్లీ అదే నక్షత్రానికి ఎదురు రావడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. ఈలోగా అది సూర్యుడి చుట్టూ తన దారిలో ఇంచుమించు ఒక డిగ్రీ ముందుకు జరిగి ఉంటుంది. అందువల్ల సూర్యుడికి ఎదురు రావడానికి ఇంకో డిగ్రీ తిరగాలి. ఆ డిగ్రీకి నాలుగు నిమిషాలు. మన ఇరవైనాలుగు గంటల రోజు ఇలా పూర్తవుతుంది. రోజూ మిగిలే ఈ నాలుగేసి నిమిషాలు ఏడాదికి ఒక పూర్తి చుట్టుగా పోగవుతాయి. సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతుందని ఆర్యభటుడు చెప్పలేదు, ఆయన లెక్కలో నడిచేది సూర్యుడే. చుట్లు లెక్కపెట్టడానికి ఆ తేడా అడ్డు రాదు. ఆయన సంఖ్యను బట్టి వచ్చే నక్షత్ర దినానికీ ఇవాళ్టి కొలతకూ మధ్య సెకనులో చిన్న వంతుకు మించి తేడా రాదు.

గడియారం సూర్యుడి పక్షం. కాబట్టి నక్షత్రాలు రోజూ నాలుగు నిమిషాల ముందే వస్తాయి, నెలకు రెండు గంటల ముందు. మూడు చుక్కలు వరసగా ఉండే గొల్లకావడి సెప్టెంబరు 20కి అర్ధరాత్రి తూర్పున పొడుస్తుంది. అక్టోబరు 20కి రాత్రి పదింటికి, నవంబరు 20కి ఎనిమిదింటికి, డిసెంబరు 20కి పొద్దు వాలుతూనే వచ్చేస్తుంది. ఆరుబయట నులక మంచాల మీద పడుకున్న తరాలకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏ చుక్క ఏ జాముకు ఎక్కడుందో చూసి నెల చెప్పగలిగేవారు, నెల తెలిస్తే జాము చెప్పగలిగేవారు.

రైతుల కార్తెలు కూడా ఈ కదలిక నుంచి పుట్టినవే. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే అది ఆ కార్తె. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. తమాషా ఏమిటంటే, ఏ నక్షత్రం పేరు పెట్టారో ఆ నక్షత్రం ఆ కార్తెలో సాధారణంగా కంటికి కనిపించదు. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, రోళ్లు పగిలే ఎండలంటారు. ఆ రోజుల్లో రోహిణి నక్షత్రం సూర్యుడి వెనుక, ఆ ఎండలోనే మునిగి ఉంటుంది. దాన్ని చూడాలంటే భూమి సూర్యుడికి అవతలి వైపు చేరేదాకా ఆగాలి. డిసెంబరు మొదట్లో అర్ధరాత్రి విజయవాడలో తల పైకెత్తితే ఆ ఎర్రటి చుక్క సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. ఊరి అక్షాంశమూ, ఆకాశంలో రోహిణి స్థానమూ రెండూ పదహారున్నర డిగ్రీలే కావడం వల్ల కుదిరిన పొత్తు ఇది. ఎండలో మునిగిన చుక్కను పట్టుకోవడానికి పూర్వులు చేసిందేమిటంటే, తెల్లవారే ముందు పొడిచే నక్షత్రాన్నీ పొద్దుగూకాక దిగిపోయే నక్షత్రాన్నీ చూసి నడుమ ఉన్నది ఊహించడం, లేదా పౌర్ణమి చంద్రుడు ఎక్కడున్నాడో చూసి సూర్యుణ్ణి దానికి ఎదురుగా లెక్కించడం. మన నెలల పేర్లు ఈ రెండో పద్ధతిలో వచ్చాయి. నిండు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటే కార్తీకం, మృగశిర దగ్గర ఉంటే మార్గశిరం. కార్తీకంలో కృత్తికలు, అదే పిల్లలకోడి, సాయంత్రం మొదలు తెల్లవార్లూ ఆకాశంలో ఉంటాయి.

భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం వల్ల ఋతువులు వస్తాయన్నది అందరికీ తెలిసిందే. రాత్రి ఆకాశంలో దాని జాడ ఎక్కడ అంటే పౌర్ణమి చంద్రుడి ఎత్తులో. చలికాలంలో సూర్యుడు దక్షిణాన వంగి నడిస్తే, అతనికి ఎదురుగా ఉండే మార్గశిర పౌర్ణమి చంద్రుడు నడినెత్తికి వస్తాడు. జ్యేష్ఠంలో వరస తిరగబడుతుంది.

ఇక ఊరి సంగతి. ధ్రువ నక్షత్రం దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉందో ఇంచుమించు అదే ఆ ఊరి అక్షాంశం. శ్రీకాకుళంలో పద్దెనిమిది, తిరుపతిలో పద్నాలుగు కూడా లేదు. ఉత్తరాన ఇలా నష్టపోయింది మనకు దక్షిణాన లాభంగా వస్తుంది. అగస్త్య నక్షత్రం ఢిల్లీలో తొమ్మిది డిగ్రీలు కూడా లేవదు, హైదరాబాదులో ఇరవై డిగ్రీలు లేస్తుంది. ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణ దిగంతం మీద నిలబడే త్రిశంకు మండలం మనకు పూర్తిగా కనిపిస్తుంది. ఢిల్లీవారికి దాని అడుగు చుక్క పైకే రాదు.

పంచాంగంలో గ్రహం వక్రించిందని రాస్తే కంగారుపడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ వక్రించేదేమీ లేదు. కుజుడు సూర్యుడికి మనకంటే దూరంగా, మనకంటే నిదానంగా తిరుగుతాడు. ఇంచుమించు 26 నెలలకోసారి మనం లోపలి దారిలో అతన్ని దాటిపోతాం. దాటే ఆ కొద్ది వారాలూ అతను నక్షత్రాల మధ్య వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తాడు. 2027 ఫిబ్రవరిలో మళ్లీ అలా దాటుతాం. ఆకాశంలో ఎన్నో పరిభ్రమణాలున్నా, ఇక్కడ కనబడేది మన పరుగే.

ఏ యుగం అన్న నాలుగో ప్రశ్న వేసినవాడు గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్. క్రీ.పూ. రెండో శతాబ్దంలో ఆయన చిత్త నక్షత్రం స్థానాన్ని కొలిచి, తనకు ఒకటిన్నర శతాబ్దం ముందు తిమోఖారిస్ రాసిపెట్టిన కొలతతో పోల్చాడు. రేయింబవళ్లు సమానమైన రోజున సూర్యుడుండే విషువత్ బిందువు నుంచి లెక్కిస్తే రెండు డిగ్రీల తేడా వచ్చింది. పాతవాడు తప్పు కొలిచాడని కొట్టేసి ఉంటే అడిగేవారు లేరు. మిగతా నక్షత్రాలూ అదే వైపు, అంతే జరిగినట్టు తేలడంతో ఆయన దాన్ని నమ్మాడు. ఏ ఒక్క చుక్కో జరిగితే అది చుక్క కదలిక. అన్నీ కలిసి జరిగితే కొలబద్దే జరిగిందని అర్థం. అయనచలనం అనే ఈ జరుగుదల ఇవాళ్టి లెక్కన ఏడాదికి 50.3 వికలలు, అంటే ఒక డిగ్రీకి దాదాపు 72 ఏళ్లు, పూర్తి చుట్టుకు 26 వేల ఏళ్లకు కొంచెం తక్కువ.

కారణం చెప్పింది 1687లో న్యూటన్. భూమి నిండు గోళం కాదు, నడుం దగ్గర ఉబ్బింది. భూమధ్యరేఖ దగ్గరి వ్యాసం ధ్రువాల మధ్య వ్యాసం కంటే 43 కిలోమీటర్లు ఎక్కువ. వాలి ఉన్న ఆ ఉబ్బును చంద్రుడూ సూర్యుడూ గుంజి నిటారు చేయాలని చూస్తారు. ఇందులో చంద్రుడిది పెద్ద వాటా. తిరిగే వస్తువును అలా గుంజితే అది లొంగి నిటారు కాదు, దాని అక్షం పక్కకు తిరుగుతూ శంకువు గీస్తుంది. బొంగరం తల ఊపడం మనం చూసేదే. అయితే పోలిక అక్కడితో ఆపాలి. బొంగరాన్ని గురుత్వం పడదోయాలని చూస్తుంది, భూమిని లేపి నిలబెట్టాలని చూస్తుంది. అందుకే బొంగరం తల అది తిరిగే వైపే ఊగుతుంది, భూమి అక్షం భ్రమణానికి ఎదురు దిశలో ఊగుతుంది. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఈ తేడాను తరచుగా వదిలేస్తారు.

అక్షం గురి మారితే ధ్రువమూ మారుతుంది. క్రీ.పూ. 2800 ప్రాంతంలో అక్షం తుబన్ అనే మసక చుక్క వైపు చూసేది. ఇప్పటి ధ్రువ నక్షత్రం ఇంకా దగ్గరవుతోంది, 2100 ప్రాంతానికి అర డిగ్రీ లోపుకు చేరి ఆ తర్వాత దూరమవుతుంది. హిప్పార్కస్ నాటికి ఇదే చుక్క ధ్రువానికి పన్నెండు డిగ్రీల అవతల ఉండి, మిగతా చుక్కల్లాగే చుట్టూ తిరిగేది. నిశ్చలత్వానికి గుర్తుగా మనం చెప్పుకునే స్థానం ఆ కాలంలో ఖాళీ. ఇంకో పన్నెండు వేల ఏళ్లకు అభిజిత్తు ఆ దరిదాపులకు వస్తుంది. అంత ప్రకాశమైన ధ్రువతారను మనిషి ఇంతవరకు రాతలో చూడలేదు.

వేల ఏళ్ల సంగతి మనకెందుకు అనుకుంటే, జనవరి 14న వాకిట్లో ముగ్గు చూడండి. నక్షత్రాలను బట్టి ఏడాది 365.2564 రోజులు, ఋతువులను బట్టి 365.2422. తేడా ఇరవై నిమిషాలు. మన పంచాంగం నక్షత్రాలనే పట్టుకుంది, ఋతువులు ఏటా ఇరవై నిమిషాలు ముందుకు జారుకుంటూ వచ్చాయి. సూర్యుడు ఉత్తరానికి మళ్లే రోజూ, మకర సంక్రమణమూ క్రీ.శ. 285 ప్రాంతంలో ఒకే రోజున వచ్చేవి. ఇప్పుడు సూర్యుడు మళ్లేది డిసెంబరు 21 లేదా 22న. సంక్రాంతి పండగనాడు ఉత్తరాయణం మొదలైందని మనం చెప్పుకునేసరికి అది మొదలై మూడు వారాలు దాటిపోతోంది. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ చిక్కును తవ్వితీసింది. ఋతువులకు కట్టుబడిన జాతీయ పంచాంగం 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. ఆకాశవాణి వార్తల్లో, గెజిట్లలో దాని తేదీలు ఉంటాయి. సంక్రాంతి ముగ్గు మాత్రం దాని మాట వినలేదు.

పండగ తేదీ పక్కకు జరిగితే పెద్ద నష్టం లేదు. ఏ రోజైనా అరిసెలు అరిసెలే. కార్తెలది అలా కాదు. నైరుతి ఋతుపవనం ఋతువుల ఏడాదిని అనుసరించి వస్తుంది, నక్షత్రాలతో దానికి పని లేదు. ఇవాళ మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో రావడం, తొలకరి ఆ రోజుల్లోనే పలకరించడం మన తరాలకు కుదిరిన పొంతన. పదిహేను వందల ఏళ్ల క్రితం సూర్యుడు మృగశిరలో ప్రవేశించే వేళకు ఇవాళ్టి లెక్కన మే నడిమి ఎండలే ఉండేవి. ఇంకో రెండు వేల ఏళ్లకు ఆ కార్తె జూలైలో పడుతుంది. అప్పటి రైతు మృగశిర కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే అదను దాటిపోతుంది. అంటే కార్తె సామెతలకు వయసు ఉంది. ఏ సామెత ఏ శతాబ్దంలో పుట్టి ఉంటుందో, అందులోని వానకూ చుక్కకూ ఉన్న పొంతనను బట్టి వెతకవచ్చు. ఎవరైనా ఆ పని ఓపికగా చేస్తే చదవాలని నాకు ఆశ.

దక్షిణాకాశంలో ఈ జారుడు ఇంకా నాటకీయంగా ఉంటుంది. ఐదు వేల ఏళ్ల క్రితం త్రిశంకు మండలం ఢిల్లీ అక్షాంశంలో కూడా దిగంతం నుంచి ఇరవై డిగ్రీల పైచిలుకు లేచేది. అలెగ్జాండ్రియాలో టాలెమీ ఆ చుక్కలను చూసి తన పట్టికలో చేర్చాడు. తర్వాతి శతాబ్దాల్లో అవి ఐరోపా కంటికి దిగంతం కింద మరుగునపడ్డాయి. 1500 ప్రాంతంలో దక్షిణ సముద్రాలకు వెళ్లిన నావికులు వాటినే కొత్తగా కనిపెట్టినట్టు రాసుకున్నారు. మన వంతు కూడా వస్తుంది. ఇంచుమించు రెండు వేల ఏళ్లలో ఆ మండలపు అడుగు చుక్క హైదరాబాదుకు కనిపించడం మానేస్తుంది.

కంటికి ఆనని కదలికలు ఇంకా ఉన్నాయి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి నక్షత్రాలు ఏడాదిలో కాస్త అటూ ఇటూ ఊగినట్టు కనిపించాలి కదా అని కోపర్నికస్ కాలం నుంచీ అడుగుతూనే ఉన్నారు. ఆ ఊగిసలాటకే పారలాక్స్ అని పేరు. దాన్ని పట్టుకుందామని 1725 డిసెంబరులో లండన్ దగ్గరి క్యూ అనే చోట మోలినో, బ్రాడ్లీ అనే ఖగోళవేత్తలు 24 అడుగుల దుర్భిణిని నిటారుగా బిగించి, నడినెత్తి మీదుగా పోయే ఒక నక్షత్రాన్ని కొలవసాగారు. చుక్క కదిలింది, కానీ కదలవలసిన వైపు కాదు. పారలాక్స్‌కు ఉండాల్సిన తీరుకు మూడు నెలల ఎడంగా, 20 వికలల మేర ఊగింది. బ్రాడ్లీకి అర్థమైంది ఏమిటంటే, వెలుతురు దుర్భిణి గొట్టంలోకి ప్రవేశించి అడుక్కు చేరేలోపు గొట్టం కూడా భూమితోపాటు జరుగుతోంది. భూమి వేగం సెకనుకు 30 కిలోమీటర్లు, కాంతిది మూడు లక్షలు. పది వేలలో ఒక వంతు. 24 అడుగుల గొట్టంలో ఆ జరుగుడు ముప్పావు మిల్లీమీటరు. అంతమేరకు గొట్టాన్ని ముందుకు వంచితేనే చుక్క నడిమధ్యకు వస్తుంది. 1729లో ఆయన దీన్ని ప్రకటించాడు. భూమి నిజంగా కదులుతోందనడానికి ఆకాశం ఇచ్చిన తొలి ప్రత్యక్ష సాక్ష్యం అది. అదే పట్టుదలతో ఇంకో ఇరవై ఏళ్లు కొలిచి, అక్షం 18.6 ఏళ్లకోసారి 9 వికలల మేర తల ఆడించడాన్ని కూడా ఆయనే పట్టుకున్నాడు. వెతికిన పారలాక్స్ మాత్రం ఆయనకు దొరకలేదు. 1838లో బెస్సెల్ హంస మండలంలోని 61 సిగ్ని అనే చుక్కకు దాన్ని కొలిచాడు, వికలలో మూడో వంతు కంటే తక్కువ.

ఈ కథలో బేగంపేటకూ వాటా ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల ఆ తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చి, ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని ఫొటోలు తీసే పనిలో చేరింది. ఖగోళ మధ్యరేఖకు 17 నుంచి 23 డిగ్రీల దక్షిణాన ఉన్న పట్టీ హైదరాబాదు వంతు, తర్వాత ఉత్తరాన ఇంకో పట్టీ. గాజు పలకల మీద ఏడు లక్షలకు పైగా చుక్కల స్థానాలు కొలిచారు. ఆ పట్టికల్లో ప్రతి అంకే 1900 నాటి విషువత్తును బట్టి రాసింది, ఎందుకంటే ఏ సంవత్సరపు కొలబద్దో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. 2000లో వెలువడిన టైకో-2 నక్షత్ర పట్టిక కోసం, ఐరోపావారి హిప్పార్కోస్ ఉపగ్రహం కొలిచిన స్థానాలను ఇలాంటి పాత గాజు పలకల కొలతలతో పోల్చారు. నడుమ గడిచిన వందేళ్లలో అయనచలనం ఒక్కటే కొలబద్దను 1.4 డిగ్రీలు జరిపింది, అంటే చంద్రబింబం వెడల్పుకు దాదాపు మూడింతలు. ముందు దాన్ని తీసేయాలి, తర్వాత అక్షం తల ఆడించడాన్ని, ఆ తర్వాత బ్రాడ్లీ కనిపెట్టిన 20 వికలలనూ తీసేయాలి. భూమి వాటా అంతా పోయాక మిగిలేది చాలా చుక్కలకు ఏడాదికి వికలలో వందో వంతు స్థాయిలో ఉంటుంది. ఇరవై ఐదు లక్షల నక్షత్రాలకు అలా మిగిలిన ఆ చిన్న అంకెలే వాటి సొంత నడకగా ఆ పట్టికలోకి ఎక్కాయి.